రొక్కం అటు, ఖాతా ఇటు
డిస్కౌంటు దుకాణాలకు వెళ్లివచ్చే కొనుగోలుదారుల లెక్క. మన చిల్లర, టోకు వర్తకులు వేసుకోవలసిన లెక్క

రాజమహేంద్రవరం: డెల్టాలో పచారీ వ్యాపారం ఎటు నడుస్తున్నదో తెలుసుకోవడానికి ఇప్పుడు టోకు బజారు ఒక్కటీ చూస్తే చాలదు. నెలలో మొదటి ఆదివారం సాయంత్రం ఏదైనా పెద్ద డిస్కౌంటు దుకాణం గుమ్మం దగ్గర ఒక గంట నిలబడాలి. జీతాలు అందుకున్న కుటుంబాలు పిల్లాపాపలతో వస్తాయి. ఒకరు తోపుడు బండి పట్టుకుంటారు, ఒకరు చీటీ చదువుతారు, పిల్లలు బిస్కెట్ల వైపు పరుగెడతారు. గంట తరువాత అదే కుటుంబం రెండు పెద్ద సంచులు మోసుకుని బయటికి వస్తుంది. బిల్లు అడుగున అచ్చయిన ‘మీకు ఆదా అయినది ఇంత’ అన్న పంక్తిని ఇంటి యజమాని మరోసారి చూసుకుని జేబులో పెట్టుకుంటాడు.

ఆ పంక్తి మీదే నేడు మన బజారులో చర్చ. పెద్ద దుకాణం వచ్చింది, మన వ్యాపారం పడిపోయింది అన్నది చిల్లర వర్తకుల ఫిర్యాదు. చిల్లర వర్తకుల నుంచి వసూళ్లు సాగడం లేదన్నది టోకు వర్తకుల ఫిర్యాదు. రెండూ నిజమే. అయితే కొనుగోలుదారులు వీధి కొట్టును విడిచిపెట్టి పోలేదు. మంగళవారం ఉదయం అదే ఇల్లాలు వీధి చివరి కొట్టుకు వచ్చి, ‘బాబాయిగారూ, పావుకిలో చింతపండు, ఒక నూనె ప్యాకెట్టు ఇవ్వండి, ఖాతాలో రాసుకోండి’ అంటున్నది. అంటే బేరం పోలేదు, రెండుగా చీలింది. ఏ ముక్క ఎటు పోయిందన్నదే వర్తకులు గమనించవలసిన విషయం.

కొనుగోలుదారు అక్కడ ఏం చూస్తున్నాడు?

అక్కడికి వెళ్లివచ్చినవారిని కదిపితే ధర కన్నా ముందు చెప్పే మాట వేరొకటి ఉన్నది. సరకును చేత్తో తీసి చూసుకోవచ్చు, తేదీ చదువుకోవచ్చు, వద్దనుకుంటే తిరిగి పెట్టేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కొట్టు బల్ల అవతల నిలబడి ‘అది కాదండి, పక్కది చూపించండి’ అని రెండుసార్లు అడగడానికి మొహమాటపడే వారికి ఇది పెద్ద సౌకర్యం. మూడు రకాల కందిపప్పు పక్కపక్కన ఉంటే రంగు, గింజ, ధర పోల్చుకుని తమకు తగినది తీసుకుంటారు. అయిదు వందలకు కొన్నవాడికీ అయిదు వేలకు కొన్నవాడికీ ఒకే ధర. తెలిసినవాడికి ఒకటి, తెలియనివాడికి ఒకటి అన్న అనుమానానికి తావు లేదు.

ఇబ్బందులు లేకపోలేదు. మొదటి వారంలో బిల్లు వరసలో అరగంట నిలబడడం మామూలే. బయటి సంచి గుమ్మం దగ్గరే కట్టివేస్తారు. బయటికి వచ్చేటప్పుడు బిల్లుతో సరకు సరిచూస్తారు. సంచి కావాలంటే దానికీ ధర ఉంటుంది. సంచి ధర సంగతి చివరికి జాతీయ వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లింది. ముందుగా తెలియజేయకుండా బిల్లు దగ్గర సంచికి డబ్బు వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని బిగ్ బజార్‌కు సంబంధించిన వ్యాజ్యంలో 2020 డిసెంబరులో కమిషన్ తేల్చింది. అయినా కొనుగోలుదారులు ఈ ఇబ్బందులను పెద్దగా లెక్కచేయడం లేదు. ధర తేడా కంటికి కనబడుతున్నంత కాలం వరసలో నిలబడడానికి వారు సిద్ధంగానే ఉన్నారు.

తగ్గింపు ఎక్కడి నుంచి వస్తున్నది?

ఇక ధర సంగతి. పొట్లాం మీద అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. అది గరిష్ఠ ధరే గాని ఖాయపు ధర కాదు. అంతకన్న తక్కువకు అమ్ముకోవడానికి ఏ కొట్టువాడికీ అడ్డులేదు. కాని మన కొట్లలో చాలావరకు అచ్చు ధరే అమ్మకం ధరగా స్థిరపడిపోయింది. పెద్ద దుకాణం చేసిన పని ఆ అచ్చు ధరను కొలబద్దగా పెట్టుకుని దానికి దిగువన అమ్మడం. మనం అమ్మే ధరే వారి బిల్లులో ‘ఆదా’ లెక్కించడానికి ఆధారం అవుతున్నది.

అంత తగ్గించి వారికి మిగిలేది ఏమిటన్న సందేహం సహజం. రాజమహేంద్రవరం, కాకినాడ వంటి మన పట్టణాలకు కూడా వచ్చిన డిమార్ట్ సంస్థ లెక్కలు బహిరంగంగానే ఉన్నాయి. 2002లో ముంబయిలోని పవయిలో ఒక్క దుకాణంతో మొదలైన ఈ సంస్థ 2017 మార్చిలో వాటాల మార్కెట్టుకు వచ్చేనాటికి దుకాణాలు 131. 2025 మార్చి నాటికి 415. 2024-25లో అమ్మకాల రాబడి రు. 57,790 కోట్లు, నికరలాభం రు. 2,927 కోట్లు. అంటే నూరు రూపాయల అమ్మకంపై మిగిలింది అయిదు రూపాయలు. ఇది మన బజారులో ఎవరికీ తెలియని లాభం కాదు. అంతకన్న ఎక్కువ నిష్పత్తి చూసే చిల్లర వర్తకులు మనలోనే ఉన్నారు.

తేడా వేరేచోట ఉన్నది. ఆ సంస్థ చాలావరకు సొంత భవనాలలోనే దుకాణం పెడుతుంది గనుక అద్దె భారం తక్కువ. సరకు సుమారు నెల రోజులలో చెల్లిపోతుంది. సరకు ఇచ్చినవారికి సుమారు వారం పది రోజులలో డబ్బు చెల్లిస్తుంది. అమ్మకమంతా రొక్కమే. త్వరగా డబ్బు ఇచ్చేవాడికి సరకుదారు ధర తగ్గించి ఇస్తాడన్నది మన టోకు బజారులో పసిపిల్లవాడికి కూడా తెలిసిన సూత్రం. బిల్లు తేదీ నుంచి ఇన్ని రోజులలో చెల్లిస్తే ఇంత తగ్గింపు అని మన పంపిణీదారులు ఏనాటి నుంచో రాసుకుంటున్నారు. ఆ తగ్గింపే అక్కడ కొనుగోలుదారు బిల్లులో ప్రత్యక్షమవుతున్నది.

దీనికి తోడు కొనుగోలు ధరలోనే వ్యత్యాసం ఉన్నదన్న వివాదం ఒకటి. కంపెనీలు పెద్ద సంస్థలకు నూటికి 15 నుంచి 20 దాకా మార్జిన్ ఇస్తున్నాయని, తమ ద్వారా చిల్లర వర్తకులకు అందేది 8 నుంచి 12 మాత్రమేనని పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య 2021 డిసెంబరులో ఆందోళనకు దిగింది. ఆ ఫిర్యాదులో న్యాయం ఉన్నది. కాని ఆ వ్యత్యాసం తీరే దాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం వ్యాపారం అనిపించుకోదు.

బిల్లులో కనబడని ఖర్చు

కొనుగోలుదారుకు నిజంగా ఎంత ఆదా అవుతున్నది? ఉదాహరణకు ధవళేశ్వరం నుంచి ఒక కుటుంబం రు. 2,500 చీటీతో బయలుదేరిందనుకుందాం. చీటీలోని సరకులపై నూటికి ఎనిమిది చొప్పున రు. 200 తగ్గింది. రానుపోను ఆటోకు రు. 150 అయితే మిగిలింది యాభై రూపాయలు. ఈ మధ్యలో చీటీలో లేని ప్లాస్టిక్ డబ్బాలు, ఒక దుప్పటి, పిల్లల చొక్కా కలిసి మరో రు. 600 బిల్లులో చేరాయి. ఇంటికి వెళ్లాక అమ్మమ్మ అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఇవన్నీ ఎవరు తెమ్మన్నారమ్మా?’

ఇది యాదృచ్ఛికం కాదు. డిమార్ట్ అమ్మకాలలో తిండి సరకులు నూటికి సుమారు 57, సబ్బులు వంటి నిత్యావసరాలు సుమారు 20, తక్కిన 23 దాకా బట్టలు, పాత్రలు, ఇంటి సామాను. పప్పు, నూనె మీద తక్కువ మిగుల్చుకుని మనిషిని లోపలికి రప్పించడం, దుప్పటి, డబ్బాల మీద ఎక్కువ మిగుల్చుకోవడం ఈ వ్యాపార పద్ధతి. అమెరికాలో 1962లో శామ్ వాల్టన్ వాల్‌మార్ట్ మొదటి దుకాణం తెరిచిన నాటి నుంచి ప్రపంచమంతటా నడుస్తున్న బాట ఇదే. పచారీ వర్తకులే కాక తాడితోట బట్టల బజారు వర్తకులు కూడా ఈ 23ను గుర్తుపెట్టుకోవాలి.

అయితే ఈ లెక్క కొనుగోలుదారుకు చెప్పి లాభం లేదు. తెచ్చిన డబ్బా ఇంట్లో కనబడుతూనే ఉంటుంది, బిల్లులో ఆదా అచ్చయి ఉంటుంది. ఆటో ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ అచ్చుకాదు.

బియ్యం దగ్గర తీరు వేరు

ఒక్క సరకు దగ్గర మాత్రం డెల్టా కొనుగోలుదారు పెద్ద దుకాణాన్ని అంతగా నమ్మడం లేదు. అది బియ్యం. ఇక్కడ సగం ఇళ్లకు పొలంతోనో, పొలం ఉన్న బంధువుతోనో, మిల్లుతోనో సంబంధం ఉన్నది. సార్వా పంట కొత్త బియ్యం సంక్రాంతి వెళ్లగానే వండితే అన్నం ముద్దకడుతుందని, ఏడాది నిలవైనది అయితే పొడిపొడిగా ఒదుగుతుందని ఇల్లాలికి తెలుసు. సంచి మీద బొమ్మ చూసి ఆమె తృప్తిపడదు. ఏ మిల్లుది, ఎన్నాళ్లది అని అడుగుతుంది. దానికి జవాబు చెప్పగలిగినవాడు కొట్టు మీద కూర్చున్న మనిషే.

పన్ను కూడా ఇక్కడ ఒక మలుపు తిప్పింది. 2022 జూలై 18 నుంచి ముద్రవేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పు, పిండి వంటివి 25 కిలోలు, అంతకు తక్కువ అయితే 5 శాతం జి.ఎస్.టి. పరిధిలోకి వచ్చాయి. వెంటనే మిల్లుదారులు 26 కిలోల సంచి కట్టడం మొదలుపెట్టారు. అయిదు, పది కిలోల సంచులు పెద్ద దుకాణపు అరలకు అనువైనవి, వాటిపై పన్ను పడింది. 26 కిలోల బస్తా ఇంటి గుమ్మంలో దింపవలసిన సరకు. దానిని సైకిలు మీదనో ఆటో మీదనో పంపగలిగిన వీధి కొట్టుకు అది కలిసివచ్చింది. చింతపండు, బెల్లం, ఎండుమిరప, నెయ్యి వంటి వాటిలోనూ ఇదే తీరు. వాసన, రంగు, రుచి చూసి చెప్పవలసిన సరకులలో ఎరిగినవాడి మాటకు ఇంకా విలువ ఉన్నది.

అసలు దెబ్బ ఎక్కడ?

ఇక ముఖ్య విషయం. ఒక కుటుంబం నెల వెచ్చాలు రు. 6,000 అనుకుందాం. ఇదివరకు ఒకటి నుంచి అయిదో తారీఖులోగా పాత ఖాతా తీర్చి కొత్త చీటీ రాయించేవారు. ఇప్పుడు మొదటి ఆదివారమే రు. 3,500 పెద్ద దుకాణంలో రొక్కంగా చెల్లిస్తున్నారు. తక్కిన రు. 2,500 సరకు నెలంతా చిల్లరగా వీధి కొట్టులో, అదీ ఖాతాలో. జీతం డబ్బు అప్పటికే ఖర్చయినందువల్ల ఆ ఖాతా ఒకటో తారీఖున తీరడం లేదు. పదికి, పదిహేనుకు, కొన్నిచోట్ల వచ్చే నెలకు జరుగుతున్నది.

ఇటువంటి ఇళ్లు నూరు ఉన్న కొట్టు అమ్మకం ఆరు లక్షల నుంచి రెండున్నర లక్షలకు దిగింది. నూటికి ఎనిమిది చొప్పున రు. 48,000 మిగిలిన చోట రు. 20,000 మిగులుతున్నది. అద్దె, కరెంటు, కుర్రవాడి జీతం మాత్రం తగ్గలేదు. అంతకన్న ప్రమాదం మరొకటి. పోయింది రొక్కం బేరం, మిగిలింది అరువు బేరం. టోకు వర్తకుడు గడువు దాటిన బాకీకి రెండు రూపాయల వడ్డీ కడితే, రెండు నెలలు ఆగిన ఖాతా మీద నూటికి నాలుగు రూపాయలు వడ్డీకే పోతాయి. ఎనిమిది రూపాయల లాభంలో సగం అక్కడే హరించుకుపోయింది.

డబ్బు ఆగిన చోట గొలుసంతా ఆగుతుంది. చిల్లర కొట్టువాడు రెండు బస్తాల పప్పు బదులు అరబస్తా తీసుకుంటున్నాడు, అదీ పాత బాకీ ఉండగానే. టోకు వర్తకుడి సరకు కదలిక తగ్గి, పప్పు మిల్లుకు, నూనె డిపోకు చెల్లింపు ఆలస్యమవుతున్నది. ఆర్డర్లు చిన్నవి కావడంతో బ్రోకర్లకు తిరుగుడు ఎక్కువ, దలాలీ తక్కువ.

పల్లెల్లో దీనికి మరో కారణం కలిసింది. వెనుక ధాన్యం కొన్న కమీషన్ వ్యాపారి సొమ్ము ఇచ్చే రోజు ఊళ్లో అందరికీ తెలిసేది. కొట్టు బాకీ ఆ పూటే తీరేది. ఇప్పుడు ప్రభుత్వ కొనుగోలు సొమ్ము నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో పడుతున్నది. ఇది రైతుకు మేలే, తప్పుపట్టవలసిన పని లేదు. కాని డబ్బు పడిన రోజు పట్నం ప్రయాణం ముందు, కొట్టు బాకీ వెనుక అవుతున్నది. అదే డబ్బు ఆలస్యమైనప్పుడు మాత్రం ఆ భారం కొట్టు మీదే పడుతున్నది. 2023-24 రబీ ధాన్యానికి రాష్ట్రవ్యాప్తంగా రు. 1,674 కోట్లు బకాయి పడి 2024లో విడుదలైంది. ఆ మధ్యకాలంలో రైతు ఇంట పొయ్యి వెలగడానికి అరువిచ్చినవాడు వీధి కొట్టు వర్తకుడే. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చినప్పుడు వెనుక తలుపు తీసి సరకు అందించినవాడూ అతడే. ఏ డిస్కౌంటు దుకాణం ఖాతా రాయదు.

రొక్కమిచ్చేవాడు ఎందుకు పోతున్నాడు?

ఇక్కడ వర్తకులు తమను తాము ప్రశ్నించుకోవలసినది ఒకటి ఉన్నది. మన కొట్టులో రొక్కమిచ్చి కొనేవాడికీ, రెండు నెలలకు ఇచ్చేవాడికీ ఒకే ధర. అరువు మీద పడే నాలుగు రూపాయల వడ్డీని వర్తకుడు ఎవరినీ విడిగా అడగడు. అది సరకు ధరలోనే కలిసి ఉంటుంది. అంటే రొక్కమిచ్చేవాడు తాను తీసుకోని అరువుకు కూడా వడ్డీ కడుతున్నాడు. అతడికి ఆ లెక్క తెలియకపోయినా పెద్ద దుకాణంలో ధర చూడగానే తేడా తెలిసిపోతున్నది. మొదట అటు పోయినవాడు అతడే. ఆదరణ లేకపోవడం వల్ల కాదు, తన రొక్కానికి ఇక్కడ విలువ కట్టలేదు గనుక.

కాబట్టి అరువు ఖాతాదారుకు మనం ఊరకే వదిలివేస్తున్న ఆ నాలుగు రూపాయలను రొక్కం ఖాతాదారుకు ఇవ్వడానికి కొత్త పెట్టుబడి అక్కరలేదు. రు. 1,000 దాటిన రొక్కం చీటీకి రు. 40 తగ్గించి, ఆ తగ్గింపు చీటీ మీద రాసి చేతిలో పెడితే, ఆటో ఖర్చు వేసుకునే ఇల్లాలికి లెక్క చెప్పనక్కరలేదు. ఫోను ద్వారా వెంటనే చెల్లించినా రొక్కం కిందే జమకట్టాలి. అరువు ఇవ్వవద్దని కాదు. పంట మీద ఆధారపడిన చోట అరువు లేకుండా కొట్టు నడవదు. దానికి హద్దు, గడువు ముందే చెప్పుకుని చిట్టాలో వేరుగా చూపుకోవాలి.

టోకు వర్తకుల వంతు కూడా ఉన్నది. వారంలోగా చెల్లించే చిల్లర వర్తకుడికీ, నలభై రోజులకు చెల్లించేవాడికీ ఒకే ధర కట్టినంత కాలం పై నుంచి కింది దాకా అందరూ అరువు వైపే మొగ్గుతారు. నాలుగైదు వీధుల కొట్లవారు కలిసి నూనె, సబ్బులు వంటి నడిచే సరకులను రొక్కానికి ఒక్క బిల్లుగా ఎత్తుకుంటే, ఆ తగ్గింపులో కొంత కొనుగోలుదారు దాకా చేరుతుంది. అచ్చు ధర ఉన్న సరకుల దగ్గర పోటీ పడక తప్పదు. బియ్యం, చింతపండు, బెల్లం దగ్గర మన చేతికి ఉన్న తూకం, మన నోటికి ఉన్న నమ్మకం చాలు. ఒక్కసారి తూకం తగ్గితే ఆ నమ్మకం కూడా శివార్ల బాట పడుతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఈ నెల ధోరణి చూస్తే, ఒకటో వారం గిరాకీ పెద్ద దుకాణాల వైపు గట్టిగా ఉన్నది. రెండో వారం నుంచి వీధి కొట్లలో చిల్లర గిరాకీ నిలకడగా ఉన్నది. వసూళ్లు మాత్రం మందకొడి. సరకు ధరల హెచ్చుతగ్గులు రోజూ చూసుకునే మన వర్తకులు తమ ఆవర్జాలో రొక్కం ఎంత, ఖాతా ఎంత అన్న రెండు అంకెలను కూడా వారానికొకసారి పక్కపక్కన వేసుకుని చూడడం మంచిది. మొదటిది తగ్గుతూ రెండవది పెరుగుతున్న కొట్టుకు పోటీదారు శివార్లలో లేడు. గల్లాపెట్టె పక్కనున్న ఖాతా పుస్తకంలోనే ఉన్నాడు.